చీరలు లేని ఊరు

"ఈసారి చీరలు లేని ఊరికి వెళ్దాం," అంది మాధురి, పప్పుచారు గిన్నె మొగుడి ముందుకు జరుపుతూ.

దుర్గాశంకర్ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. చీరలు లేని ఊరంటూ ఒకటి ఉంటుందన్న ఆలోచన ఆయనకి బుద్ధెరిగాక ఎప్పుడూ రాలేదు. విజయవాడ వన్‌టౌన్‌లో తండ్రి పెట్టిన హోల్‌సేల్ చీరల షాపులో పెరిగినవాడికి ఎందుకొస్తుంది? నీళ్ళు లేని కృష్ణ అంటే చెప్పండి, అర్థమవుతుంది, వేసవిలో చూసేదే. చీరలు లేని ఊరేమిటి!

"గాంధీ జయంతి శుక్రవారం పడింది," మాధురి చెప్పుకుపోయింది. "శని, ఆదివారాలు కలుపుకుంటే మూడు రోజులు. పైగా పితృపక్షాలు. షాపు తీసినా ఈగలు తోలుకోవడమేగా. మూసేసి మనిద్దరం ఎక్కడికైనా వెళ్ళొద్దామండీ. ఏ ఊరైనా నాకు సమ్మతమే. చీరలు మాత్రం ఉండకూడదు."

ఆవిడ లెక్కలో తప్పులేదు. పితృపక్షాల్లో జనం పెద్దలకి తద్దినాలు పెట్టుకుంటారు గానీ కొత్త గుడ్డ కొనరు. దసరా గిరాకీ మొదలయ్యేలోపు చీరలవాళ్ళు కాస్త ఊపిరి పీల్చుకునే రోజులంటూ ఉంటే అవే.

"చీరలు లేని ఊరంటే నాకు తెలిసి జైలొక్కటేనే అమ్మాయ్," అంది రాఘవమ్మగారు మజ్జిగ పోసుకుంటూ. దుర్గాశంకర్ తల్లి ఆవిడ. మోకాళ్ళు రిటైరై చాలా కాలమైంది గానీ నోరింకా సర్వీసులోనే ఉంది. "అక్కడ కూడా ఆడఖైదీలకి తెల్లచీరలిస్తారట."

ఇంజనీరింగు చదువుతున్న కూతురు సాయిశ్రీకి నవ్వుతో పొలమారింది. మాధురి మాత్రం నవ్వలేదు. ఆవిడకి నవ్వే ఓపిక మైసూరులోనే అయిపోయింది.

మైసూరు సంగతి చెప్పాలి. కిందటేడు అచ్చంగా వాళ్ళిద్దరి కోసమే అని చెప్పి తీసుకెళ్ళాడు దుర్గాశంకర్. రెండో రోజు సాయంత్రం బృందావన్ గార్డెన్స్ గేటు దగ్గర, "నువ్వు లోపలికి పద, అరగంటలో వచ్చేస్తా," అని ఆటో ఎక్కాడు. ఎవరో పట్టుచీరల వ్యాపారి అడ్రసు దొరికిందట. రంగు దీపాల్లో ఫౌంటెన్లు ఎగిరాయి, పడ్డాయి, మళ్ళీ ఎగిరాయి. చుట్టూ ఎటు చూసినా జంటలే. ఒక కుర్రజంట వచ్చి, ఆంటీ ఒక ఫోటో తీస్తారా అని ఫోనిచ్చింది. తీసింది. ఆవిడ ఫోటోలు బాగా తీస్తుందని ఎలా తెలిసిందో, ఇంకో జంట వచ్చింది, ఆ తర్వాత ఇంకొకటి. ఆ సాయంత్రం మాధురి ఊళ్ళో మొగుడూ పెళ్ళాలందరి ఫోటోలూ తీసిపెట్టింది. తన మొగుడు మాత్రం దీపాలు ఆర్పేశాక వచ్చాడు, చంకలో మూటతో. మూటలో చీరలు బాగున్నాయి కూడా. అదింకా ఒళ్ళుమంట.

అంతకు ముందు ప్రయాణాలూ ఆ బాపతే. పెళ్ళయిన కొత్తలో కాశీ వెళ్ళారు. ఒక ఉదయం గంగలో మూడు మునకలు, ఆ తర్వాత రెండు రోజులు సత్రం గదిలో కిటికీ. సూరత్ వెళ్తే లాడ్జి. కలకత్తా వెళ్తే ఇంకో లాడ్జి. తిరిగొచ్చాక చుట్టుపక్కలవాళ్ళు, "అబ్బో, మీరు దేశమంతా తిరిగేశారండీ," అనేవాళ్ళు. ఔనండీ అనేది మాధురి. ఏం చెబుతుంది?

దుర్గాశంకర్ మంచివాడు. ఈ మాట ముందే చెప్పెయ్యకపోతే చదివేవాళ్ళు తొందరపడతారు. తాగడు, తిట్టడు, పెళ్ళానికి జ్వరమొస్తే షాపు మధ్యలో వదిలి ఇంటికొచ్చి గంజి కాచిపెడతాడు. ఎటొచ్చీ ఆరోగ్యంగా ఉన్న పెళ్ళాంతో ఒక పూట ఊరికే కూర్చోవడం మాత్రం ఆయనకి చేతకాదు. భవానీపురంలో ఇల్లు, నడిచి వెళ్తే కృష్ణ. ఆ ఒడ్డున కూడా ఇద్దరూ కలిసి కూర్చున్న సాయంత్రం మాధురికి గుర్తులేదు. నలభై అయిదు దాటాక ఆవిడకి ఉన్నట్టుండి భయం పట్టుకుంది. ఇలాగే ఇంకో ఇరవయ్యేళ్ళు గడిచిపోతే? ఆవిడకి కావలసింది ఊరు కాదు, మూడు రోజులు పక్కన కూర్చునే మొగుడు. ఆ మొగుణ్ణి ఎత్తుకుపోతున్నది చీరలు. అందుకని చీరలు లేని ఊరు.

"సరే, నీ ఇష్టం. ఏ ఊరైనా నాకు ఓకే," అన్నాడు దుర్గాశంకర్, ఉదారంగా.

మర్నాటి నుంచి రోజూ భోజనాలయ్యాక ఊరి వేట మొదలైంది. సాయిశ్రీ ఫోన్లో చూసి ఊళ్ళ పేర్లు చదువుతుంది. మాధురి ఫోను వంక చూడదు, మొగుడి మొహం వంక చూస్తుంది. ఊరి పేరు వినగానే ఆ కళ్ళల్లో మెరుపు వచ్చిందా, ఆ ఊరు గోవిందా.

"వైజాగ్."

"భేషుగ్గా ఉంటుంది. బీచీ అదీ." మాధురి కుదుటపడేలోపే ఆయన గొంతు మారింది. "పొందూరు అక్కణ్ణుంచి ఎంత దూరం ఉంటుందంటావ్? ఆ సన్న ఖద్దరు ఈమధ్య బాగా అడుగుతున్నారు."

వైజాగ్ పోయింది. ఊటీ కూడా ఎక్కువసేపు నిలవలేదు, దారిలో కాటన్ చీరల కోయంబత్తూరు ఉందట. హైదరాబాదు గురించి అనుకోవడమే దండగ, పోచంపల్లి పక్కనే. గోవా మీద మాధురికి చాలా నమ్మకం ఉండేది. అక్కడ ఆడవాళ్ళు చీరలు కట్టుకుంటారని ఎవరూ చెప్పగా వినలేదు.

"గోవానా?" దుర్గాశంకర్ గోడ వైపు చూస్తూ గొణిగాడు. "అక్కడ పాతకాలం గళ్ళ చీర ఒకటుందిట. కుణబీ అంటారు. ఎర్రది. పేరు వినడమే గానీ ఎప్పుడూ చూళ్ళేదు."

"నాన్నా, గోవా వెళ్ళి చీర చూసేవాడివి నువ్వొక్కడివే ఉంటావు," అంది సాయిశ్రీ.

"జైపూర్ అనకే, అక్కడ లెహరియా చీరలు," మాధురి విసుగ్గా అందుకుంది. "భువనేశ్వర్ అసలే వద్దు, సంబల్‌పురి. కొచ్చిన్ అంటే ఆ బంగారు అంచు తెల్లచీరలు."

"అమ్మా, నాన్న ఇంకా నోరే విప్పలేదు. నువ్వే చెప్పేస్తున్నావు."

మాధురికి సిగ్గేసింది. నిజమే మరి. పెడనలో మగ్గం చప్పుడు వింటూ పెరిగింది ఆవిడ. తండ్రి ఏడుకొండలు నేస్తుంటే పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టింది. గుడ్డ ముట్టుకుంటే చాలు, అదేమిటో ఆవిడ వేళ్ళే చెప్పేస్తాయి. చీరల మీద ఆవిడకి కోపం ఎలా వస్తుంది? కానీ వచ్చింది. సవతి ఎంత అందంగా ఉంటే మాత్రం సవతి కాకుండా పోతుందా!

నాలుగో రోజు మాధురి స్వయంగా ఒక ఊరు కనిపెట్టింది. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్. చుట్టూ సముద్రం. మగ్గాలు లేవు, జరీ లేదు, రంగుల అద్దకం లేదు. సాయిశ్రీ చేత నాలుగు రకాలుగా వెతికించింది. అక్కడ నేత ఉందని ఎక్కడా దొరకలేదు. గన్నవరంలో విమానం ఎక్కితే చెన్నై, అక్కణ్ణుంచి ఇంకో విమానం. కొంచెం హడావుడే గానీ కుదురుతుంది. మొగుడు షాపు నుంచి రాగానే కాళ్ళు కడుక్కోనిచ్చి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు చెప్పింది.

దుర్గాశంకర్ మొహంలో ఏ మెరుపూ లేదు. తెల్లకాగితంలా ఉంది.

"అక్కడ ఏమీ నెయ్యరు," అంది మాధురి. గెలిచినదాని గొంతు అది.

"అస్సలు నెయ్యరా?"

"ఒక్క పోగు కూడా."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. కళ్ళు చిన్నవయ్యాయి. ఆ తర్వాత పెద్దవయ్యాయి. "మరైతే అన్నీ బయట్నుంచే రావాలన్నమాట," అన్నాడు మెల్లగా. "అక్కడ తెలుగువాళ్ళు బోలెడుమంది ఉన్నారు మాధురీ. శ్రీకాకుళం నుంచి వెళ్ళినవాళ్ళు. పండగలూ పెళ్ళిళ్ళూ అన్నీ మన పద్ధతే. వాళ్ళకి చీరలు ఎవరు పంపుతున్నారంటావ్? అబ్బ, ఇన్నాళ్ళూ ఎలా తట్టలేదు! ఒక అట్టపెట్టెలో శాంపిల్స్ పెట్టుకెళ్తే..."

మాధురి చేతిలో గ్లాసు లేదు కాబట్టి సరిపోయింది. ఇదీ చీరల ఇంట్లో మనిషి మాత్రమే చెయ్యగల పొరపాటు. చీరలు నేసే ఊళ్ళన్నీ కొట్టేసుకుంటూ వచ్చింది గానీ, నెయ్యని ఊరు అమ్మకానికి పనికొస్తుందన్న సంగతి మరిచిపోయింది. నేసే ఊళ్ళో కొంటాడు, నెయ్యని ఊళ్ళో అమ్ముతాడు. ఇక మిగిలిందేముంది, సముద్రం తప్ప.

"వద్దులెండి," అంది. "ఎక్కడికీ వద్దు. షాపు తీసుకోండి."

ఆ గొంతు విని సాయిశ్రీ పుస్తకం మూసేసింది. రాఘవమ్మగారు టీవీ సౌండు తగ్గించింది. ఆ ఇంట్లో టీవీ సౌండు తగ్గడం చిన్న విషయం కాదు.

"ఏమైంది ఇప్పుడు?" దుర్గాశంకర్ కంగారుపడ్డాడు. "శాంపిల్స్ వద్దంటే మానేస్తా."

"నాన్నా, ఒకటడుగుతాను," అంది సాయిశ్రీ. "మీరిద్దరూ ఇన్ని ఊళ్ళు తిరిగారు కదా. కాశీలో అమ్మ ఏం చూసింది?"

దుర్గాశంకర్ ఆలోచించాడు. సత్రం గుర్తొచ్చింది. సూరత్‌లో ఏం చూసిందో గుర్తు తెచ్చుకోబోయి ఆగిపోయాడు.

"అమ్మని కూడా ఆ సందుల్లోకి తీసుకెళ్ళొచ్చుగా? అమ్మకి చీరలు తెలుసుగా?"

"బేరం దగ్గర ఆడవాళ్ళుండకూడదమ్మా. తాతయ్య చెప్పేవాడు. చీర నచ్చితే వాళ్ళ మొహంలో తెలిసిపోతుంది. ఇక అవతలవాడు పైసా దించడు." దుర్గాశంకర్ తండ్రి వెంకటప్పయ్యగారు ఉన్నన్నాళ్ళూ షాపులో ఈ మాట శాసనం. పోయాక కూడా శాసనమే.

"ఔను, అనేవారు," అంది రాఘవమ్మగారు. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "నన్నూ కాశీ తీసుకెళ్ళారు. ఆ సత్రం కిటికీలోంచి ఒక కోతి కనిపించేది. పిల్లకోతిని పొట్టకి హత్తుకుని. కాశీ అంటే నాకు అదే గుర్తు."

మాధురి అత్తగారి వంక చూసింది. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ ఈ సంగతి ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

"నాకు చీరలతో పేచీ లేదండీ," అంది చివరికి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. "చీరలు లేని ఊరైతే మీరు నా పక్కన ఉంటారనుకున్నాను. అంతే. ప్రతి ఊళ్ళోనూ నన్ను బయట కూర్చోబెట్టి మీరు లోపలికి పోతారు. అరగంట అంటారు. నేను మీతో ఊళ్ళు తిరగలేదు, మీ సామాన్లకి కాపలా కాశాను."

దుర్గాశంకర్ లేచి చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. కృష్ణ ఒడ్డు దాకా వెళ్ళాడని, ఘాటు మెట్ల మీద ఒక్కడే కూర్చున్నాడని, పక్కింటివాళ్ళు చూసి తర్వాత చెప్పారు.

రెండు రోజులు ఇంట్లో ఉప్పు, పప్పు, మంచినీళ్ళు తప్ప వేరే మాటల్లేవు. మూడో రోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"గురువారం రాత్రి ట్రైనుకి రిజర్వేషను చేయించాను. చెన్నై దాకా. అక్కణ్ణుంచి బస్సు."

"ఎక్కడికి?"

"కంచి."

మాధురి గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. చీరలు లేని ఊరు అడిగితే ఈ మనిషి చీరలకే రాజధాని లాంటి ఊరు తెచ్చి చేతిలో పెడుతున్నాడు. పైగా అది ఆయన ఎప్పుడూ ఒక్కడే వెళ్ళొచ్చే ఊరు. అక్కడికి మాత్రం లాడ్జిలో కూర్చోబెట్టడానికి కూడా ఆవిణ్ణి తీసుకెళ్ళలేదు.

"ఏళ్ళ తరబడి వెళ్తున్నా అక్కడ అమ్మవారి గుడి చూళ్ళేదు నేను," అన్నాడు దుర్గాశంకర్, నేల చూస్తూ. "ముందు గుడికి వెళ్దాం. మర్నాడు నేనెక్కడికి వెళ్తే నువ్వూ అక్కడికి. లోపలికి. అంతా చూద్దువుగాని. కానీ చూశాక నన్ను ఏమీ అనకూడదు."

"ఏమనాలి? ఏముంది అక్కడ?"

"వస్తావుగా." ఆ గొంతులో భయం ఉంది. పెళ్ళయ్యాక మొదటిసారి విందేమో మాధురి.

"కంచికి కథలే వెళ్ళాలా, మనుషులు వెళ్ళకూడదా?" అంది రాఘవమ్మగారు హాల్లోంచి. "వెళ్ళి రండి. నేనూ నా మనవరాలూ ఇంట్లో రాజ్యం చేస్తాం."

రైల్లో మాధురికి చాలాసేపు నిద్రపట్టలేదు. ఏమీ అనకూడదట. అంటే ఏమిటి? అక్కడ ఇంకో సంసారం గానీ ఉందా? ఆ ఆలోచన రాగానే ఎదురు బెర్తు మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న మొగుడి వంక చూసింది. పర్సు తువ్వాల్లో చుట్టి తలకింద పెట్టుకున్నాడు. ఈ ఒక్క సంసారమే ఆయనకి ఎక్కువ అనిపించి నవ్వొచ్చింది. కానీ భయం పూర్తిగా పోలేదు.

శుక్రవారం సాయంత్రం కామాక్షి అమ్మవారి గుడికి వెళ్ళారు. జనం బాగా ఉన్నారు. క్యూలో దుర్గాశంకర్ ఆవిడ వెనకే నిలబడ్డాడు, ఎక్కడికీ పోలేదు. పక్క వరసలో ఒకావిడ పైటకొంగు ఆయన చేతికి తగిలితే వేళ్ళు అలవాటుగా అంచు మీదికి పోయాయి. మాధురి గట్టిగా దగ్గింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దర్శనమయ్యాక కోనేటి వైపు వెళ్ళి కూర్చున్నారు. పక్కనే ఉన్నాడు గానీ మనిషి అక్కడ లేడు. ప్రసాదం చేతిలోనే చల్లారిపోయింది. రేపటి గురించి ఆలోచిస్తున్నాడని ఆవిడకి తెలుస్తూనే ఉంది. పక్కన కూర్చోబెట్టుకున్నా ఇంతేనా అనిపించి, మనసు చివుక్కుమంది.

శనివారం పొద్దున్నే టిఫిన్ తిని ఒక పాతకాలం వీధిలోకి నడిచారు. పెద్ద మిద్దె. ముందు ఎత్తరుగు, రాతి మెట్లు. చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన పట్టుచీరలన్నీ ముందు అక్కడికే వస్తాయట. యజమానిని అక్కడివాళ్ళు ముదలాళి అంటారు. బయట అరుగు మీద చిన్న బల్ల వేసుకుని ఒక ముసలి గుమాస్తా కూర్చున్నాడు.

దుర్గాశంకర్ మెట్ల దగ్గరే చెప్పులు విప్పేశాడు. రెండు చేతులూ జోడించాడు. మొహం మీదికి ఒక నవ్వు తెచ్చుకున్నాడు. ఆ నవ్వు మాధురి ఎప్పుడూ చూడలేదు. ఇంట్లోగానీ, షాపులోగానీ, అత్తారింట్లోగానీ ఆయన అలా నవ్వడు. వచ్చీరాని అరవంలో గుమాస్తాని అన్నా అన్నా అంటూ ఏదో చెప్పాడు. గుమాస్తా తలెత్తలేదు. పెన్ను పట్టుకున్న చేత్తోనే మెట్లు చూపించాడు.

"కూర్చో, బెజవాడా," అన్నాడు తెలుగులో. ఆ తర్వాత మాధురిని చూసి కాస్త తడబడ్డాడు గానీ, అన్నమాట అననే అన్నాడు.

ఇంతలో కారొకటి వచ్చి ఆగింది. అందులోంచి దిగినవాళ్ళని చూసి గుమాస్తా లేచి నిలబడ్డాడు. వాళ్ళు చెప్పులతోనే అరుగెక్కి నేరుగా లోపలికి వెళ్ళిపోయారు. పెద్ద షోరూముల వాళ్ళు. మేలిరకం చీరలు వాళ్ళు ఏరుకున్నాక మిగిలినవి మెట్ల మీదివాళ్ళకి.

దుర్గాశంకర్ కింది మెట్టు మీద కూర్చున్నాడు. పెళ్ళాం వంక చూడలేదు.

"ఇదే," అన్నాడు. "నువ్వు చూడకూడదనుకున్నది ఇదే. నాన్న చెప్పిన బేరం సంగతి నిజమే గానీ, నాకది సాకు. కాశీలో అంతే, సూరత్‌లో అంతే. ఇంట్లో, షాపులో నేను దుర్గాశంకర్ గారిని. ఇక్కడ బెజవాడని. మంచి చీరలు నాలుగు వెయ్యండి బాబూ అని బతిమాలతాను. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా పిలవరు. పిలిచినా రేపు రమ్మంటారు. అరగంట అని నీకు చెప్పి వస్తాను. నాకేం తెలుసు ఎప్పుడు పిలుస్తారో? లేచిపోతే వంతు పోతుంది."

మాధురికి ముందు ఆ గుమాస్తా మీద కోపమొచ్చింది. తర్వాత ఆ ఇంటి మీద, ఆ కారు మీద. ఆ తర్వాత ఎవరి మీదా కోపం రాలేదు. తను కిటికీ పక్కన కూర్చుని తిట్టుకున్న అరగంటలన్నీ ఈయన ఇలాంటి మెట్ల మీద కూర్చున్నాడు.

"కాస్త జరగండి," అంది.

"నువ్వు అరుగు మీద కూర్చో. నేను చెప్తా గుమాస్తాతో."

"జరగండీ అంటుంటే." ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుని, చెప్పులు ఆయన చెప్పుల పక్కన విప్పింది. "మా నాన్న కూడా ఇలాగే కూర్చునేవాడు. పెడనలో చీరలు కొనే ఆసామి గుమ్మం ముందు, నేసిన చీరలు ఒళ్ళో పెట్టుకుని. పిలిచేదాకా. నేను వెంటపడి వెళ్ళేదాన్ని."

"ఆయనకి చిన్నతనంగా ఉండేది కాదూ? నువ్వు చూస్తుంటే?"

"ఉండే ఉంటుంది. నాకా సంగతి ఇప్పటిదాకా తట్టలేదు. నాన్న పక్కన కూర్చున్నదొక్కటే గుర్తుంది నాకు. ఇంటిదగ్గర ఎప్పుడూ మగ్గం గుంటలోనే ఉండేవాడు. తీరిగ్గా దొరికేది ఆ గుమ్మం ముందే."

దుర్గాశంకర్ అప్పుడు తలతిప్పి ఆవిడ వంక చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ నవ్వు మొహం మీంచి ఎప్పుడు పోయిందో పోయింది. మామూలు మొహం, అలసిపోయిన మొహం, మాధురికి తెలిసిన మొహం వచ్చింది.

ఎండ మెల్లగా మొదటి మెట్టు మీదికి వచ్చింది. ఎదురుగా ఒక చిన్న కొట్టు, దాని మీద అరవంలో బోర్డు. దుర్గాశంకర్ వేలు చూపించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. కాఫీ, టిఫిన్, భోజనం.

"మీకు అరవం చదవడం వచ్చా?" మాధురి ఆశ్చర్యపోయింది.

"ఇక్కడ కూర్చుని కూర్చునీ వచ్చింది. ఎదురుగా ఉన్న బోర్డు ఒక్కటే. వీధి చివర ఇంకోటి ఉంది, అది కూడా వచ్చు. ఇక మిగతా తమిళనాడంతా నాకు రాదు." ఇద్దరూ నవ్వారు. గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూశాడు. మెట్ల మీద నవ్వులు ఆయనకీ కొత్తే అయ్యుంటాయి.

ఎదురుకొట్టు నుంచి రెండు కాఫీలు తెచ్చాడు. తాగుతూ ఆయనంతట ఆయనే మొదలుపెట్టాడు. ఇక్కడ కూర్చున్నప్పుడల్లా ఆవిడతో చెప్పాలనుకునేవి బోలెడు ఉండేవట. ఇంటికెళ్ళేసరికి స్టాకు, రేట్లు, గుమాస్తాలు, అన్నీ మీదపడి ఆ మాటలు జారిపోయేవట. ఏముండేవి అనడిగింది మాధురి. ఏవేవో అన్నాడు. వానొస్తే ఈ వీధి ఎలా ఉంటుందో. ఒకసారి ఇక్కడే కూర్చుని సాయిశ్రీ పుట్టిందని ఫోనులో విని, పక్కనున్న ముక్కూ మొహం తెలియని వ్యాపారికి బిస్కెట్ ప్యాకెట్ కొనిపెట్టాడట.

"నాన్న పోయాక మొదటిసారి ఒక్కణ్ణే వచ్చాను చూడు," అన్నాడు. "అప్పుడు నాకేమీ తెలీదు. అంతకు ముందు ఇక్కడ మాట్లాడేది నాన్న, మూటలు మోసేది నేను. ఆ రోజు సాయంత్రం దాకా కూర్చోబెట్టి, మీ నాన్న మొహం చూసి ఇచ్చాం గానీ నువ్వెవరివి అని పంపేశారు. ఖాళీ చేతులతో బస్టాండుకి వెళ్ళాను. బెంచీ మీద కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. అంతమందిలో. నాన్న పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు నేను."

మాధురికి ఆ ప్రయాణం గుర్తుంది. తిరిగొచ్చి, ఈసారి సరుకు బాలేదు, తీసుకోలేదు అన్నాడు. చారన్నం తిని పడుకున్నాడు. తను నమ్మింది.

"తర్వాత?" అంది. ఆయన మోచేతి మీద చెయ్యి వేసింది, వీధిలో ఉన్నామన్న సంగతి పట్టించుకోకుండా.

"ఒక పూలమ్ముకునే ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది..."

"బెజవాడా!" పైనుంచి గుమాస్తా పిలిచాడు. లేచి నిలబడి తలుపు చూపిస్తున్నాడు. "ముదలాళి రమ్మంటున్నారు. దసరా సరుకు మంచిది మిగిలింది. త్వరగా రా."

ఏళ్ళ తరబడి ఈ పిలుపు కోసమే కూర్చున్న మనిషి. మాధురి కాఫీ గ్లాసు పక్కన పెట్టి, లేవడానికి కుచ్చిళ్ళు సర్దుకుంది. దుర్గాశంకర్ లేవలేదు. అరుగు వైపు మొహం మాత్రం తిప్పాడు.

"ఇంకాసేపాగి వస్తామండీ," అన్నాడు.

గుమాస్తాకి సరిగ్గా వినపడలేదేమో, లేక విన్నది నమ్మబుద్ధి కాలేదేమో, నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు. వెనక నుంచి ఇంకెవరో వ్యాపారి గబగబా మెట్లెక్కి వాళ్ళని దాటుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"ఎక్కడిదాకా చెప్పాను?" అన్నాడు దుర్గాశంకర్.

"బస్టాండు దాకా," అంది మాధురి.